రోడ్డు పక్కన బండి పెట్టినందుకు చలానా వచ్చిందా? కట్టే ముందు ఇది చదవండి

పక్కవాడి చేలో గొడ్డు పడితే బందెలదొడ్డికి తోలడం మన పల్లెల్లో పాత రివాజు. దొడ్డి కాడికి పోయి బందె కట్టి గొడ్డును విడిపించుకు రావాల్సిందే. అయితే ఆ బందె వేసే 1871 నాటి పశువుల చట్టంలోనే ఇంకో మాట కూడా ఉంది. తన గొడ్డును అన్యాయంగా తోలారని రైతు అనుకుంటే పది రోజుల్లోపు మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. తోలింది తప్పని తేలితే కట్టిన బందెతో పాటు వంద రూపాయల వరకు నష్టపరిహారం కూడా ఇప్పించవచ్చు. తెల్లదొరల కాలంలో గొడ్డుకే అంత న్యాయం రాసి పెట్టారు. ఇప్పుడు మన మోటారుసైకిలుకూ, ట్రాక్టరుకూ అడిగే దారి లేకుండా పోలేదు. ఆ దారి చాలామంది రైతులకు తెలియదు, అంతే.

హనుమంతునిపాడు మండలంలో రైతుకు ఏ పని పడినా కనిగిరికో మార్కాపురానికో పోక తప్పదు. పురుగుమందు కావాలన్నా, బ్యాంకులో బంగారం విడిపించాలన్నా, పొగాకు అమ్మాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా బండి తీయాల్సిందే. కొట్టు ముందర బండి ఆపి లోపలికి పోయి వస్తాం. పది రోజులకు ఫోనులో మెసేజీ మోగుతుంది. ఇంట్లో ఎవరో చదివి చెబితేగానీ అది చలానా అని తెలియదు. కొందరు భయపడి ఆ రోజే కట్టేస్తారు. ఇంకొందరు ‘చూద్దాంలే’ అని వదిలేస్తారు, మూడేళ్ల తర్వాత బండి అమ్మబోతే ఆరేడు చలానాలు బయటపడతాయి. ఈ రెండు పద్ధతులూ రైతుకు నష్టమే.

మూడు రకాల కాగితాలు

ముందుగా మీ చేతిలో ఉన్న కాగితం ఏదో తెలుసుకోవాలి. ఊళ్లలో అన్నింటినీ ‘పార్కింగు డబ్బులు’ అనే అంటున్నారు గానీ అవి మూడు వేరు వేరు సంగతులు.

మొదటిది ఆశీలు. సంతకు సరుకు తెచ్చిన బండికి పంచాయతీ లేదా మున్సిపాలిటీ వేలం పాట పెట్టి ఇచ్చిన పాటదారు వసూలు చేసేది. రెండోది బండ్ల స్టాండు రుసుము. పంచాయతీ, మున్సిపల్ చట్టాల్లో ఎడ్లబండ్ల కాలం నుంచీ ఈ స్టాండు మాట ఉంది. మోటారు బండ్లు వచ్చాక అవీ అందులోకే చేరాయి. ఈ రెండూ రుసుములే తప్ప జరిమానాలు కావు. పాటదారు రేటు ప్రకారం రుసుము తీసుకుని రసీదు ఇవ్వాలి, అంతే. ‘నువ్వు అడ్డం పెట్టావు, అయిదు వందలు ఫైను కట్టు’ అనే అధికారం పాటదారుకు గానీ, అతని కుర్రాళ్లకు గానీ లేదు. అట్లా అడిగితే రేట్ల బోర్డు ఎక్కడుందో చూపించమనండి, రసీదు మీద ఆ మొత్తం రాసివ్వమనండి. రాయడు. అప్పుడు మున్సిపల్ కమిషనరుకో, పంచాయతీ కార్యదర్శికో అర్జీ పెట్టుకోవచ్చు.

మూడోది పోలీసు చలానా. ఇది మోటారు వాహనాల చట్టం కింద వచ్చేది. ఇక్కడి నుంచి మనం మాట్లాడుకునేదంతా దీని గురించే.

చట్టం ఏం చెబుతోంది

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షను ఉంది. బండిని గానీ, దాని వెనుక ట్రక్కును గానీ పదిమంది తిరిగే చోట ప్రమాదం కలిగేట్టు, అడ్డం పడేట్టు, మిగతావాళ్లకు మరీ ఇబ్బంది అయ్యేట్టు నిలపకూడదని దాని సారాంశం. ట్రక్కు మాట చట్టంలోనే ఉంది, ట్రాక్టరు ఉన్నవాళ్లు గమనించాలి. ఇంజను విప్పుకుని పోయి ఉత్త ట్రక్కును రోడ్డు మార్జిన్లో వదిలేయడం మన దగ్గర మామూలే. అదీ ఇందులోకే వస్తుంది.

117వ సెక్షను ఇంకో సంగతి చెబుతుంది. బండ్లు ఎక్కడ నిలపవచ్చు, ఎంతసేపు నిలపవచ్చు అన్నది రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారం ఇచ్చినవారు స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించవచ్చు. అంటే ఒక వీధిని ‘నో పార్కింగు’ అనడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరికి తోచినట్టు వాళ్లు గోడ మీద సున్నంతో రాస్తే చాలదు. మన బజార్లలో కొట్టువాళ్లే తమ గుమ్మం ముందర నో పార్కింగు అట్ట కట్టుకుంటారు. అది ప్రభుత్వం పెట్టిన గుర్తు కాదు. ప్రభుత్వం పెట్టే గుర్తు గుండ్రంగా, నీలం రంగు మీద ఎర్ర అంచుతో ఉంటుంది. దాని మీద ఒక ఎర్ర గీత అడ్డంగా ఉంటే బండి నిలిపి ఉంచరాదని అర్థం. రెండు గీతలు ఒకదానిపై ఒకటి కత్తెర లాగా ఉంటే అసలు ఆపనే రాదు, మూట దించడానికి కూడా.

బోర్డు లేకపోతే ఎక్కడైనా పెట్టుకోవచ్చు అనుకునేరు. అదీ తప్పే. 2017లో వచ్చిన డ్రైవింగు నిబంధనల ప్రకారం కొన్ని చోట్ల బోర్డు ఉన్నా లేకపోయినా బండి పెట్టరాదు. మలుపులు, కూడళ్లు, వంతెనలు, కాలిబాటలు, బస్టాపు ముందర, బడి గేటు, ఆసుపత్రి గేటు, ఆగి ఉన్న ఇంకో బండి పక్కన రెండో వరుస. ఈ చోట్ల పెట్టి బోర్డు లేదని వాదిస్తే గెలవరు.

ఇక డబ్బు సంగతి. 122కు విడిగా జరిమానా రాయలేదు గనుక 177వ సెక్షను వర్తిస్తుంది. అది 2019 దాకా మొదటిసారికి వంద రూపాయల లోపు, మళ్లీ చేస్తే మూడు వందల లోపు ఉండేది. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారికి 500 లోపు, మళ్లీ మళ్లీ చేస్తే 1500 లోపు అయింది. కోర్టుకు పోకుండా రాజీ రుసుము కట్టించుకునే వీలు 200వ సెక్షనులో ఉంది. ఎవరు కట్టించుకోవచ్చో, ఎంతో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషను ఇవ్వాలి. మన రాష్ట్రం 2020 అక్టోబరులో జి.ఓ. 21 ద్వారా రుసుముల పట్టిక ప్రకటించింది. కాబట్టి రోడ్డు మీద డబ్బు తీసుకునే హక్కు యూనిఫాం వేసుకున్న ప్రతివారికీ ఉండదు. ప్రభుత్వం పేర్కొన్న స్థాయి అధికారికే ఉంటుంది, అదీ రసీదుతోనే. రసీదు లేని డబ్బు ప్రభుత్వానికి చేరదు, మీ చలానా తీరదు.

అసలు జరిమానా కంటే దాని వెంట వచ్చేవి బరువు. పార్కింగు చలానా రాసేటప్పుడు లైసెన్సు, ఇన్సూరెన్సు అడుగుతారు. కేంద్ర చట్టంలో లైసెన్సు లేకుండా నడిపితే 5000, ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2000, హెల్మెట్టు లేకపోతే 1000 రాసి ఉంది. అయిదు వందల పార్కింగు మీద గట్టిగా తగాదా పెట్టుకుంటే ఎనిమిది వేలకు తేలే బండ్లు మన మండలంలో ఎన్ని ఉన్నాయో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. ఇన్సూరెన్సు లేని బండి పెట్టుకుని పార్కింగు మీద వాదానికి దిగకండి, ముందు ఇన్సూరెన్సు కట్టండి.

బండిని ఎత్తుకుపోతే

127వ సెక్షను ప్రకారం నిషేధించిన చోట నిలిపిన బండిని, లేదా పది గంటలు దాటి వదిలేసిన బండిని తీసుకుపోవడానికి, చక్రానికి తాళం వేయడానికి ఆ ప్రాంత పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చు. ఆయన యూనిఫాంలో ఉండాలి. రాకపోకలకు ప్రమాదం అయ్యేట్టుంటే గంటలు చూడనక్కరలేదు, వెంటనే తీయించవచ్చు. తీసుకుపోయిన ఖర్చు జరిమానాకు అదనంగా యజమానే భరించాలి. ఆ ఖర్చుకు కూడా రసీదు అడగండి. బండి మీద యూరియా బస్తాలో, మందు డబ్బాలో ఉంటే తీసుకునేటప్పుడు లెక్క చూసుకుని, తేడా ఉంటే అక్కడే రాతపూర్వకంగా చెప్పాలి. ఇంటికొచ్చి అరిచి లాభం లేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోండి. రిజిస్ట్రేషను లేని బండిని, లైసెన్సు లేనివాడు నడిపే బండిని, పర్మిటు కావలసి ఉండీ లేని బండిని పట్టి ఉంచే అధికారం 207వ సెక్షను ఇస్తుంది. ఉత్త పార్కింగు తప్పు ఆ జాబితాలో లేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బండిని పార్కింగు పేరుతో రోజుల తరబడి స్టేషను ఆవరణలో ఉంచితే ఏ సెక్షను కింద ఉంచారో మర్యాదగానే అడగవచ్చు.

చలానా చూడటం ఎట్లా

మెసేజీలో వచ్చిన లింకు మాత్రం నొక్కకండి. దొంగ చలానాలు ఇప్పుడు వాట్సాపులో తెగ తిరుగుతున్నాయి. చలానా ఫైలు అని పంపుతారు, దాన్ని ఫోనులో ఎక్కించుకుంటే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. పోలీసులు ఫోనులో ఎక్కించుకోమని ఫైలు పంపరు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

మెసేజీలోని చలానా నంబరు మాత్రం కాగితం మీద రాసుకోండి. చదువుకున్న పిల్లల చేత కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ ఈ-చలానా పోర్టల్ తెరిపించవచ్చు, లేదా మీసేవకో స్టేషనుకో పోయి చూపించుకోవచ్చు. బండి నంబరు కొట్టి వెతికితే ఛాసిస్ నంబరు గానీ ఇంజను నంబరు గానీ చివరి అయిదు అంకెలు అడుగుతుంది. కాబట్టి సి-బుక్కు దగ్గర పెట్టుకోండి.

తెరిచాక తొందరపడకుండా ఫొటో చూడండి. కెమెరా చలానాల విషయంలో 2021 ఆగస్టులో కేంద్రం 167ఎ అనే నిబంధన తెచ్చింది. తప్పు జరిగింది కనబడేట్టు, నంబరు పలక స్పష్టంగా తెలిసేట్టు ఫొటో ఉండాలని, తేదీ, సమయం, చోటు, సెక్షను రాయాలని అందులో ఉంది. నోటీసు 15 రోజుల్లోపు పంపాలని కూడా ఉంది. ఈ నిబంధనలను అప్పుడప్పుడు సవరిస్తున్నారు. కాబట్టి కట్టడానికి, అభ్యంతరం చెప్పడానికి ఎన్ని రోజులు ఉందో మీ చలానా మీదే చూసుకుని ఆ గడువు దాటనివ్వకండి.

మన జిల్లా బండ్లకు ఒక చిక్కు ఉంది. పాత నంబర్లలో మనది ఏపీ 27. పశ్చిమ గోదావరిది ఏపీ 37. దుమ్ము పట్టిన పలక మీద 2కూ 3కూ తేడా కెమెరాకే కాదు, మనిషికీ తెలియదు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చాక జిల్లా గుర్తు కూడా పోయింది. కాబట్టి మీరు ఎన్నడూ చూడని ఊరి నుంచి చలానా వస్తే ముందు అనుమానించాల్సింది నంబరునే. ఫొటోలో స్కూటరు ఉండి మీది ట్రాక్టరు అయితే సగం కేసు అక్కడే తేలిపోయినట్టు. మీ పలక కూడా ఒకసారి తుడవండి. మట్టి కొట్టుకుపోయిన పలకతో తిరిగితే అది ఇంకో చలానా.

ఏ అభ్యంతరం నిలబడుతుంది, ఏది నిలబడదు

ఆ బండి నాది కాదు అన్నది అన్నింటికన్నా గట్టి అభ్యంతరం. ఆ టైములో నా బండి అక్కడ లేదు అన్నది రెండోది, కానీ దానికి రుజువు కావాలి. రుజువంటే పెద్ద కాగితాలేం అక్కర్లేదు. ఎరువుల కొట్లో వేలిముద్ర వేసి తీసుకున్న యూరియా బిల్లు మీద తేదీ ఉంటుంది, కొన్నింటి మీద టైము కూడా ఉంటుంది. ఏటీఎం చీటీ, పెట్రోలు బంకు బిల్లు, ఆసుపత్రి ఓపీ చీటీ, పొగాకు వేలం కేంద్రంలో ఇచ్చిన బిల్లు ఇవన్నీ సాక్ష్యాలే. ఇంటికి రాగానే జేబులోంచి తీసి పారేయకుండా ఒక సంచిలో వేసుకునే అలవాటు ఉన్నవాడు ఇట్లాంటప్పుడు గట్టెక్కుతాడు.

అక్కడ బోర్డు లేదు, ఆ చోటు నేను చెప్పిన నిషేధిత చోట్లలోదీ కాదు, రోడ్డుకు అడ్డమూ కాలేదు అన్నది మూడోది. ఇది చెప్పాలంటే ఆ చోటును నాలుగు పక్కలనుంచి ఫోనులో ఫొటో తీసుకుని ఉండాలి. రెండు వారాల తర్వాత పోయి తీస్తే ఈలోపు బోర్డు పెట్టి ఉండవచ్చు కదా. బండి చెడిపోయి కదలకపోవడం, టైరు పేలడం, ప్రాణం మీదికి వచ్చిన మనిషిని దించడం లాంటి కారణాలనూ అధికారులు వినాల్సిందే. మెకానిక్కు రాసిచ్చిన చీటీ, ఆసుపత్రి చీటీ జతపరచాలి.

‘రెండు నిమిషాలే పెట్టాను’ అన్నది నిలబడదు. ‘పక్కన ఇంకో పది బండ్లు ఉన్నాయి, నాకొక్కడికే వేశారు’ అన్నది కూడా నిలబడదు. కడుపు మండే మాటే గానీ, పక్కవాడి తప్పు మన తప్పును మాపదు. ‘రైతును సార్’ అన్నది మనిషి మనసును బట్టి పనిచేయవచ్చు, చట్టం ప్రకారం పనిచేయదు.

బావమరిదో తమ్ముడో బండి తీసుకుపోయినప్పుడు చలానా పడితే అది వచ్చేది యజమాని పేరు మీదే. అప్పుడు ఎవరు నడిపారో అడిగితే చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షను యజమాని మీద పెట్టింది. ఇంట్లో గొడవెందుకని దాచిపెడితే తప్పు మీ నెత్తిన ఉంటుంది.

అర్జీ రాయడం

నోటితో చెబితే నిలవదు. కాగితం మీద రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద స్టేషను ముద్ర, తేదీ వేయించుకోవాలి. భాష గొప్పగా ఉండనక్కర్లేదు. ఈ కింది మాదిరిగా రాస్తే చాలు.

“సబ్ ఇన్‌స్పెక్టరు గారికి, హనుమంతునిపాడు మండలం ఫలానా గ్రామం కాపురస్తుడు ఫలానా వ్రాసుకొను అర్జీ. నా మోటారుసైకిలు నంబరు ఫలానా. ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఫలానా చోట నో పార్కింగు స్థలంలో నిలిపినట్లు ఫలానా నంబరు చలానా నాకు అందినది. ఫొటోలోని బండి రంగు, కంపెనీ నా బండికి సరిపోవడం లేదు. నా బండి ఫొటో, సి-బుక్కు నకలు జతపరచడమైనది. అదే సమయానికి నేను ఎరువులు కొన్న బిల్లు కూడా జతపరచడమైనది. కావున విచారించి సదరు చలానా రద్దు చేయవలసినదిగా, తీసుకున్న చర్యను నాకు తెలియజేయవలసినదిగా కోరుచున్నాను.”

కారణం వేరైతే ఆ రెండు మూడు వాక్యాలు మార్చుకోండి. కోపం, నిందలు రాయకండి. చలానా వేసినది ఏ స్టేషనో ఆ స్టేషనుకే ఇవ్వాలి, మన స్టేషనుకు ఇస్తే ఉపయోగం లేదు. దూరపు ఊరి చలానా అయితే రిజిస్టరు పోస్టులో రసీదుతో పంపవచ్చు. పోర్టల్లో ఫిర్యాదు పెట్టే వీలు కనబడితే అక్కడ కూడా పెట్టి, వచ్చిన నంబరు రాసుకోవాలి. జవాబు రాకపోతే సోమవారం నాడు జిల్లా ఎస్పీ ఆఫీసులో జరిగే అర్జీల కార్యక్రమంలో ముద్ర వేయించుకున్న ప్రతిని చూపించాలి.

ఆ చోటు నిజంగా నో పార్కింగు అవునా కాదా అన్నదే తగాదా అయితే సమాచార హక్కు చట్టం వాడుకోండి. ఈ వీధిని ఏ ఉత్తర్వు ద్వారా నిషేధించారు, ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి, బోర్డు ఏ తేదీన పెట్టారు అని మూడే ప్రశ్నలు వేయాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పై ఆఫీసులకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము అసలే లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఒక్క మాట మరిచిపోవద్దు. ముందు కట్టేసి తర్వాత అడుగుదాం అనుకోవద్దు. రాజీ రుసుము కట్టడమంటే ఆ వ్యవహారం ముగిసినట్టే. తర్వాత అడిగితే ‘ఒప్పుకుని కట్టావు కదా’ అంటారు. అడగదలచుకుంటే కట్టకముందే అడగాలి.

అడగడమా, కట్టడమా

ఇది ఎవరికి వారు లెక్క వేసుకోవాల్సింది. హనుమంతునిపాడు నుంచి కనిగిరికి రెండుసార్లు తిరిగితే చార్జీలు, టీ నీళ్లు, పోయిన రెండు రోజుల పని కలిపితే అయిదు వందలు దాటిపోతుంది. తప్పు నిజంగా మనదే అయితే, బస్టాపు ముందరే పెట్టి ఉంటే, కట్టేయడమే మంచిది. మళ్లీ చేస్తే 1500 దాకా పోతుంది గనుక దాన్ని ముగించి జాగ్రత్తపడటం తెలివి. కానీ బండే మనది కానప్పుడు, ఒకదాని వెనుక ఒకటి తప్పుడు చలానాలు వస్తున్నప్పుడు అడగకుండా కట్టడం తెలివితక్కువ. ఎవడో మీ నంబరు పలక తగిలించుకుని తిరుగుతున్నాడేమో. ఇవాళ పార్కింగు, రేపు వాడు ఎవరినైనా గుద్దితే పోలీసులు వచ్చేది మీ గడపకే. అట్లాంటి అనుమానం ఉంటే చలానా రద్దు ఒక్కటే కాకుండా స్టేషనులో విడిగా ఫిర్యాదు ఇవ్వాలి.

చలానా కట్టక, అభ్యంతరమూ చెప్పక ఊరుకుంటే కోర్టుకు పోతుంది. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు కోర్టుల నుంచి సమను వస్తే తప్పక హాజరు కావాలి. పార్కింగు తప్పు చిన్నదే, సమనుకు పోకపోతే వచ్చే వారంటు చిన్నది కాదు. కోర్టులో తప్పు ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది, ఒప్పుకోకపోతే రుజువు చేయాల్సింది పోలీసులే. ఇంకో చట్టపు సంగతి ఉంది. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాలను ఆరు నెలల్లోపు కోర్టు విచారణకు తీసుకోవాలని 2024 జులై నుంచి అమలవుతున్న కొత్త నేర ప్రక్రియ చట్టం 514వ సెక్షను చెబుతోంది, పాత చట్టంలోనూ ఇదే ఉండేది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది గానీ, ఏళ్లనాటి పార్కింగు చలానా ఇప్పుడు కోర్టుకు వస్తే ఈ మాట వకీలు చేత చెప్పించవచ్చు. వకీలును పెట్టుకునే స్తోమతు లేనివారు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీని అడిగితే ఉచితంగా ఏర్పాటు చేస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే ఖర్చు తక్కువే, కానీ అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు.

కూలి పనులకు హైదరాబాదు పోయి వచ్చే మనవాళ్లు కొందరు చలానాల మీద తగ్గింపు వస్తుందని ఎదురుచూస్తున్నారు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు నాలుగో వంతు కడితే చాలన్నారు, 2023 డిసెంబరులో అయిదో వంతు కడితే చాలన్నారు. అవి అక్కడి చలానాలకు, ఆ రోజులకు ఇచ్చిన రాయితీలు. కనిగిరి చలానాకు అది వర్తించదు.

ట్రాక్టరువాళ్లకు రెండు మాటలు

వేలం కేంద్రం ముందరో, మార్కెట్ యార్డు ముందరో రాత్రి పూట ట్రక్కులు బారులు తీరతాయి. కనిగిరి మీదుగా పోయేది 565వ నంబరు జాతీయ రహదారి. దాని మీద వెనుక లైటు లేని ట్రక్కును చీకట్లో ఆపి, కింద పరుపు వేసుకుని పడుకునేవాళ్లున్నారు. దారికి అడ్డం కల్పించడానికి పాత శిక్షాస్మృతి 283వ సెక్షనులో 200 రూపాయల జరిమానా ఉండేది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షనులో అది 5000 వరకు పెరిగింది. రోడ్డు మీద కందికట్టె పరిచి తొక్కించేవాళ్లకు కూడా ఈ సెక్షను వర్తిస్తుంది. కల్లాలు కరువై రోడ్డెక్కుతున్నారన్నది నిజమే, కానీ మోటారుసైకిలు జారి పడినవాడికి ఆ కారణం చెప్పలేం.

ఆపక తప్పనప్పుడు తారు దిగి మార్జిన్లోకి పూర్తిగా తీయండి. ఇంజను ఆపి బ్రేకు వేయకుండా సీటు వదిలి దిగరాదని 126వ సెక్షను. ట్రక్కు వెనుక ఎర్రగా మెరిసే రేకులు కొట్టించండి, వాటి ఖరీదు ఒక మందు డబ్బా అంత కూడా ఉండదు. వెనుక నుంచి ఎవరైనా వచ్చి గుద్దితే, ట్రక్కుకు ఇన్సూరెన్సు లేకపోతే, నష్టపరిహారం పొలం మీదికి వస్తుంది.

అమ్మిన బండి మీద చలానా

అమ్మేసిన బండి మీద చలానా వచ్చిందని అడిగే రైతులు చాలామంది ఉన్నారు. కరువేళ బండి అమ్ముకుంటాం. డబ్బు తీసుకుని సి-బుక్కు ఇచ్చేస్తాం, పేరు మార్పు సంగతి కొన్నవాడు చూసుకుంటాడని వదిలేస్తాం. వాడు మార్చడు, ఇంకొకరికి అమ్ముతాడు. రవాణా శాఖ లెక్కలో యజమాని మీరే. 50వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో రికార్డులో పేరున్నవాడే యజమాని అని, ప్రమాదం జరిగితే నష్టపరిహారానికి అతడే బాధ్యుడని చెప్పింది. ఆ కేసులో బండి మూడు నాలుగు చేతులు మారి ఉంది. అయినా పేరు మారలేదు గనుక మొదటివాడే బాధ్యుడయ్యాడు.

కాబట్టి అమ్మిన బండి మీద చలానా వస్తే ఉత్త చలానా అనుకుని కట్టి ఊరుకోకండి. అమ్మకపు కాగితం, కొన్నవాడి ఆధారు నకలు తీసుకుని రవాణా శాఖ ఆఫీసుకు పోండి. అమ్మినవాడు తెలిపేది ఫారం 29, పేరు మార్పు దరఖాస్తు ఫారం 30. బండి ఇచ్చే రోజే రెండింటి మీదా సంతకాలు అయ్యేట్టు చూసుకోవాలి. ఫారం 29 దాఖలు చేసినట్టు రసీదు తీసి మీ పాసు పుస్తకం ఉన్న చోటే పెట్టుకోండి. పాత బండి కొన్నవారు రవాణా శాఖలో తమ ఫోను నంబరు ఎక్కించుకోవాలి. లేకపోతే మెసేజీలన్నీ అమ్మినాయన ఫోనుకే పోతుంటాయి, మీ మీద చలానాలు ఉన్నట్టు మీకు తెలియదు.